నీళ్ళలో నానేసిన గుండ్లు

విడవలూరు నుంచి సముద్రం వైపు పోతే, రొయ్యల గుంటలన్నీ దాటినాక, రోడ్డు ఇసుకలో కలిసిపోయే చోట ఒక పాలెం ఉంది. అక్కడ ధనలక్ష్మి ఇల్లేదని అడిగితే ఇప్పుడెవరూ చెప్పరు. అడిగినవాడి ముఖంలోకి ఒకసారి చూసి, తల తిప్పేసుకుని వల సర్దుకుంటారు. మొన్నటి కార్తీకమాసం దాకా మాత్రం "గుండ్ల ధనమ్మ ఇల్లా? అదిగో, ముంగిట్లో గుండ్లు దొర్లుతుండాయే, అదే" అని ముక్కుపచ్చలారని పిల్లలు కూడా చూపించేవాళ్ళు.

గుండ్లంటే సిమెంటు గుండ్లు. పెద్ద ఇళ్ళ తోటల్లో, గేటు పక్కన, పచ్చగడ్డి మీద అందానికి పెట్టుకుంటారే, అవి. మనకు విడ్డూరంగా అనిపించొచ్చు గానీ, ఉన్నోళ్ళకు గడ్డి మీద గుండ్రంగా ఏదో ఒకటి ఉండాలి మరి! ధనలక్ష్మి ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. మొదటి గుండు కోడిగుడ్డులా వచ్చింది. రెండోది ఒక పక్కకు ఒరిగింది. మూడోది చూసి మొగుడు ముత్యాలయ్య "దీన్ని గుమ్మడికాయని చెప్పి అమ్మేద్దాం మే" అని పడీ పడీ నవ్వినాడు. నాలుగోది కుదిరింది.

ఆమె పట్టుదల ఊరికే రాలేదు. వాళ్ళ నాయన సముద్రంలో పోయినాడు. అన్న కూడా సముద్రంలోనే పోయినాడు, అదీ పెళ్ళి కుదిరిన నెలలో. ఇద్దరి శవాలూ దొరకలేదు. ఇక ఆమెకంటూ మిగిలింది ముత్యాలయ్య ఒక్కడు. పోయినేడు తుఫానులో అతని పడవ రెండు రోజులు తిరిగి రాలేదు. ఆ రెండు రోజులూ ఆమె పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఒడ్డునే కూర్చుంది. మూడోనాడు అతను పడవ దిగంగానే చెంప చెళ్ళుమనిపించి, ఆనక వాటేసుకుని బావురుమంది.

"ఇంకోసారి నీళ్ళలోకి పోయినావంటే నా శవం చూస్తావు, చెప్తా ఉండా" అని ఒట్టేయించుకుంది. ముత్యాలయ్య వలలు అమ్మేసి సిమెంటు పట్టుకున్నాడు. గుండ్లు అమ్ముడుపోతే మొగుడు ఒడ్డున ఉంటాడు. లేకపోతే మళ్ళీ పడవెక్కుతాడు. ఆమెకు ఈ లోకంలో ఉన్న దిగులంతా ఇదొక్కటే.

కార్తీకం మొదట్లో ఆనందబాబనే ఆయన కారేసుకుని వచ్చినాడు. బీచి దగ్గర గెస్ట్‌హౌసు కడుతున్నాడు. పన్నెండు గుండ్లు కావాలన్నాడు. చిన్నాచితకవి కాదు, మోకాలెత్తువి.

"పదిహేను రోజుల్లో ఇచ్చెయ్యాలమ్మా. బాగా కుదిరితే నీకు ఏడాది పొడుగునా పనే. మా వాళ్ళు ఇంకా నలుగురు కడుతుండారు" అన్నాడు.

ఏడాది పొడుగునా పని! ఆ మాటకు ధనలక్ష్మి కాళ్ళు నేల మీద నిలవలేదు.

మోకాలెత్తు గుండును నిండా సిమెంటుతో పోస్తే నలుగురు పట్టినా లేవదు. అందుకని లోపల తేలికైనదేదో పెట్టాలి. ధనలక్ష్మి పద్ధతేమిటంటే, పాత నైలాన్ వలను గట్టిగా ఉండ చుట్టి, సిమెంటు పాలలో ముంచి ఆరబెట్టి, దాని మీద పొరపొరగా సిమెంటు మెత్తడం. చివర్లో, సగం చందమామలా కోసిన చెక్కను చుట్టూ తిప్పితే గుండు నున్నగా తేలుతుంది. వల కన్నుల్లోకి సిమెంటు దూరి పట్టేస్తుంది గనక పగుళ్ళివ్వదు. పద్ధతి బంగారమే. కానీ పాలెంలో పాత వలలన్నీ అప్పటికే తూకానికి పోయినాయి. మిగిలిందల్లా ఒక్కటి, సరుగుడు తోపు పక్కన ఇసుకదిబ్బ మీద ఎండకు పడున్న మునెయ్య వల.

మునెయ్య ధనలక్ష్మికి మేనమామ. శ్రావణమాసంలో ఆయన వలలో చేపలతో పాటు ఒక మనిషి వచ్చినాడు. ఏ ఊరోడో, ఎవరి బిడ్డో తెలీదు. ముఖాన్ని చేపలు మిగల్చలేదు. పోలీసులొచ్చి రాసుకునిపోయినారు. నా అన్నవాడెవడూ రాకపోతే పాలెంవాళ్ళే పసుపూ కుంకుమా చల్లి, కొబ్బరికాయ కొట్టి, ఒడ్డున పూడ్చినారు. మనిషికి చెయ్యాల్సింది చేసినారు. ఇక వల.

శవం పడిన వలను ఆ పాలెంలో మళ్ళీ నీళ్ళకు చూపించరు. అమ్మరు, కాల్చరు, ఇంటికి తేరు. దిబ్బ మీద పరిచేసి వచ్చేస్తారు. ఎండే దాన్ని మెల్లిగా తినాలి. ఎందుకని అడిగితే పెద్దోళ్ళు చెప్పేది ఒకటే మాట. మనిషి రుచి తగిలిన వల, నీళ్ళలో నానితే ఊరుకోదంట.

"వద్దు మే. ఆ వల సంగతి నీకు తెలవందా?" అన్నాడు ముత్యాలయ్య.

"ఎందుకు తెలవదు? నీళ్ళకు చూపించకూడదు, అంతే గదా? సిమెంటులో పెట్టి మూసేస్తే ఇంక అది సముద్రం మొహం యాడ చూస్తాది? ఎండ నాలుగేళ్ళు చేసే పని నేను నాలుగు రోజుల్లో చేస్తా ఉండా. మంచిదే గదయ్యా!"

ముత్యాలయ్య తల గోక్కున్నాడు. మాట సబబుగానే తోచింది. పైగా ఆమె అంత సంబరంగా ఉండటం చూసి చాన్నాళ్ళయింది. సరేలే అన్నాడు.

తెలివి ఎక్కడ బెసికిందో చూడండి. సముద్రం పక్కన పుట్టి సముద్రం పక్కన పెరిగిన మనిషి, నీళ్ళంటే సముద్రమే అనుకుంది. సిమెంటు గుండు గట్టిపడాలంటే ఏడు రోజులు నీళ్ళలో నానాలి. అది ఆమె ప్రతి గుండుకూ చేసే పనే. అయినా ఆ నీళ్ళూ నీళ్ళేనని, అయ్యో, ఆమెకు తట్టలేదు.

పన్నెండు గుండ్లూ చక్కగా కుదిరినాయి. ఇంటి వెనకాల గుంట తవ్వి, రొయ్యల గుంటలకు పరిచే నల్లపట్ట వేసి, బోరు నీళ్ళు మోకాలి లోతు నింపి, ఇద్దరూ కలిసి గుండ్లను ఒక్కొక్కటే దించినారు.

మొదటి రోజు బుడగలొచ్చినాయి. సిమెంటు నీళ్ళు తాగేటప్పుడు బుడగలు రావడం మామూలే. రెండో రోజుకు ఆగిపోవాలి. ఆగలేదు. మూడో రోజుకు నీచు వాసన మొదలైంది. పాలెంలో నీచు వాసనకు ముక్కు మూసుకునేవాళ్ళెవరూ ఉండరు. కానీ ఇది ఒడ్డు వాసన కాదు. చాలా రోజులు లోతు నీళ్ళలో ఉండి పైకి తేలినదాని వాసన. గుంట చుట్టూ రాత్రీ పగలూ అరిచే కప్పలు ఒక్కటీ అరవడం లేదు. నాలుగో రోజు, వాళ్ళ వాకిట్లో పడుకునే నల్లకుక్క కనిపించలేదు. ధనలక్ష్మి చేపతల పట్టుకుని పాలెమంతా తిరిగి పిలిచింది. రాలేదు.

ఐదో రోజు అల్పపీడనం పట్టింది. మధ్యాహ్నం మూడింటికే మబ్బు దించేసి, ఇంట్లో దీపం లేకుండా ముఖాలు కనిపించని చీకటైంది. కరెంటు పోయింది. రొయ్యల గుంటల్లో నీళ్ళకు గాలి కొడుతూ ఎప్పుడూ తిరిగే చక్రాలు కూడా ఆగిపోయి, పాలెమంతా చెవులు మూసినట్టయింది. ఆ నిశ్శబ్దంలో పెరటి వైపు నుంచి 'టక్' మని ఒక చప్పుడు.

ఒక గుండు నిలువునా బీట ఇచ్చింది. ఇనుప కొక్కేలేసి ఇద్దరూ దాన్ని గట్టు మీదికి లాగినారు.

"ఏంది మే ఇది... దించేటప్పుడు ఇంత బరువు లేదే?"

ధనలక్ష్మి గుండు మీద చెయ్యి వేసింది. వేసి వెంటనే తీసేసింది. ఐదు రోజులు చల్లటి నీళ్ళలో నానిన సిమెంటు వెచ్చగా ఉంది. బాలింత ఒళ్ళంత వెచ్చగా ఉంది. లోపల ఏదో... మెల్లిగా... ఉబ్బుతూ తగ్గుతూ ఉంది.

"పగలగొట్టి చూద్దాం" అన్నాడు ముత్యాలయ్య. సమ్మెట తెచ్చినాడు.

మొదటి దెబ్బకు బీట పెద్దదైంది. రెండో దెబ్బకు గుండు రెండు చెక్కలై విడిపోయింది. నెత్తురు ముత్యాలయ్య మోకాళ్ళ దాకా చిమ్మింది. లోపల నల్లకుక్క ఉంది.

వల దాని ఒంటి చుట్టూ బిగిసి, తోలు కోసుకుని, మాంసంలోకి దిగిపోయింది. నాలుగు కాళ్ళూ కడుపులోకి, తల కాళ్ళ మధ్యకు నొక్కేసి, ఎముకలన్నీ విరిచి, ఎంత గుండ్రంగా పట్టాలో అంత గుండ్రంగా పట్టించింది. గుండుకు ఎక్కడా కన్నం లేదు. సందు లేదు. కుక్క లోపలికి ఎట్లా పోయిందో ఆ దేవుడికే తెలియాలి. సమ్మెట దాని పుర్రె మీద పడింది. ఒక కన్ను ధనలక్ష్మి వైపు తిరిగింది. రెండు సార్లు ఊపిరి తీసింది. అంతే.

"బతికే ఉండింది మే..." ముత్యాలయ్య సమ్మెట కింద పడేసినాడు. "ఇంతసేపూ బతికే ఉండింది. సమ్మెట దెబ్బకు చచ్చింది. నేనే చంపినా."

ధనలక్ష్మి మునెయ్యకు ఫోన్ చేసింది. వల తెచ్చిన కాడి నుంచి కుక్క దాకా జరిగిందంతా చెప్పింది.

"నీళ్ళలో పెట్టినారా!" అన్నాడు మునెయ్య. "ఏం మనుషులమ్మా మీరు! గుంటలో చెయ్యి పెట్టబాకండి. నీళ్ళు పోగొట్టండి, ముందు నీళ్ళు పోగొట్టండి. నేను వస్తా ఉండా."

అంతలో వాన దిగింది. చినుకులు కాదు, ధార. గుంట చూస్తుండంగానే నిండుతోంది. పొంగితే ఆ నీళ్ళు వీధి కాలవలోకి పోతాయి. అక్కడ వానొస్తే పిల్లలు ఆడతారు. ముత్యాలయ్యకు ఒక ఉపాయం తట్టింది. వెదురుగడ చివర కత్తి కట్టి, గట్టు మీద నుంచే అడుగున నల్లపట్టను చీల్చేస్తే నీళ్ళన్నీ ఇసుకలోకి ఇంకిపోతాయి.

"నువ్వు దిగబాకయ్యా. నాకు ఒట్టేసినావు" అంది ధనలక్ష్మి, అతని చొక్కా పట్టుకుని.

"దిగను లే మే. మోకాలి లోతు గుంట. ఈడ నిలబడే కోస్తా."

గట్టు మీద గొంతుకూర్చుని గడ దించినాడు. ఒకసారి పొడిచినాడు. పట్ట చీలిన చప్పుడు వినిపించింది. రెండోసారి పొడిచినాడు. గడ ఇరుక్కుంది. లాగినాడు. రాలేదు. ఇంకొంచెం ముందుకు వంగినాడు...

కుడిచేతి వేళ్ళు నీళ్ళకు తగిలినాయి.

అంతే. నీళ్ళ అడుగు నుంచి సన్నటి దారాలు లేచినాయి. నాచు పట్టిన నైలాన్ దారాలు. సూదిమొనంత సిమెంటు రంధ్రాల్లో నుంచి పాముకుంటూ వచ్చి మణికట్టు చుట్టూ ఒక చుట్టు... రెండు చుట్లు... కన్ను మీద కన్ను వేసుకుంటూ మోచేతి దాకా. ముత్యాలయ్య అరిచినాడు. దారాలు బిగిసినాయి. తోలు డైమండు డైమండుగా తెగి, ఒక్కో గడి నుంచీ నెత్తురు ఉబికింది.

"మే! లాగు మే!"

ధనలక్ష్మి అతని నడుం పట్టుకుంది. మొలతాడు చేతికి దొరికితే దాన్ని పట్టుకుని వెనక్కి పడింది. మొలతాడు తెగింది. ముత్యాలయ్య భుజం దాకా పోయినాడు. మోకాలి లోతు గుంటలో, భుజం దాకా! తల పోయింది. అరుపు నీళ్ళలో బుడగలైపోయింది. ఆమె అతని కాళ్ళ మీద పడి, మడమలు ఇసుకలో తన్ని పట్టి, పోలేరమ్మ తల్లీ, పోలేరమ్మ తల్లీ అని కేకలు పెట్టింది. కింద నుంచి లాగేది ఆగలేదు. లాగేది ఒక్క చెయ్యి బలం కాదు. పడవ నిండా మనుషులు నిలబడి వల లాగితే ఎట్లా ఉంటుందో అట్లా, ఊపుకొకసారి, ఊపుకొకసారి.

కట్టెల పక్కన మచ్చుకత్తి ఉంది. ఒక చేత్తో కాలు పట్టుకుని, రెండో చేత్తో అందుకుంది. దారం మీద వేసింది. తెగలేదు. మళ్ళీ వేసింది. కత్తి దారం మీద జారింది. నాచు రాలిపోయి, నైలాన్ కొత్తదాని మాదిరి నిగనిగలాడుతోంది. బుడగలు తగ్గిపోతున్నాయి.

నాయనను ఇచ్చింది. అన్నను ఇచ్చింది. ఇతన్ని మాత్రం ఇవ్వదు. చస్తే ఇవ్వదు.

అతని కాళ్ళ మీద బరువేసి, నీళ్ళలోకి తన చెయ్యి పెట్టి, తడుముకుంటూ పోయి, మోచేతి పైన దారాలు చుట్టని చోట మొగుడి చెయ్యి పట్టుకుంది. కత్తి ఎత్తి వేసింది. ఎముక తగిలింది. మళ్ళీ వేసింది. ఎముక విరిగిన చప్పుడు చేతికి తెలిసింది. మూడో దెబ్బకు తెగిపోయింది.

ఇద్దరూ వెనక్కి ఎగిరి బురదలో పడినారు. నీళ్ళన్నీ ఎర్రగా తిరిగినాయి. ముత్యాలయ్య నోట్లో నుంచి బకెట్టెడు నీళ్ళు కారినాయి. ఛాతీ ఎగసింది. ఊపిరుంది! ధనలక్ష్మి ఏడుస్తూ నవ్వింది. తెగిన చెయ్యి నీళ్ళ మీదికి తేలి గట్టుకు వచ్చి ఆగింది. తెగిన చేతులను పెద్దాసుపత్రుల్లో అతికిస్తారని ఆమె ఎక్కడో వింది. చీర కొంగుతో దాన్ని ఎత్తి, చేపల ఐసుపెట్టెలో వేసి మూత పెట్టింది.

మునెయ్య వచ్చేసరికి ఆమె మొగుడి మొండి చేతికి తువ్వాలు బిగిస్తోంది. చేపల వ్యాను మాట్లాడి ఇద్దరినీ ఎక్కించినాడు. "మీరు పోండి. ఈ గుంట సంగతి నేను చూస్తా" అన్నాడు. నీళ్ళు అప్పటికే ఇంకడం మొదలైంది.

నెల్లూరు పోయేదాకా ముత్యాలయ్య నోరు విప్పలేదు. మూలగలేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. వాన పడుతున్నంతసేపూ వ్యాను కిటికీ వైపే చూస్తూ ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డలా చల్లగా ఉంది. నెత్తురు పోయింది గదా, చల్లగానే ఉంటాడని ఆమె తనకు తానే చెప్పుకుంది.

ఆసుపత్రిలో వెంటనే లోపలికి తీసుకున్నారు. ఐసుపెట్టె కూడా తీసుకున్నారు. ధనలక్ష్మి బయట గోడకు ఆనుకుని కూర్చుంది. చీరంతా నెత్తురు, బురద. దండం పెట్టుకోవడానికి చేతులు దగ్గరికి చేరడం లేదు. అయినా గుండెల్లో ఒక ధైర్యం. చెయ్యి పోతే పోయింది. మనిషి దక్కినాడు. కూర్చోబెట్టి తన చేత్తో తినిపిస్తుంది. ఇంకేం కావాలి?

కాసేపటికి డాక్టరు బయటికొచ్చినాడు. కోపంగా ఉన్నాడు.

"ఏమ్మా, ఎవరిది ఆ చెయ్యి?"

"నా మొగుడిదే సార్. నేనే... నా చేత్తోనే..."

"అబద్ధం చెప్పొద్దు. అది ఇవాళ తెగిన చెయ్యి కాదు. నెలల తరబడి నీళ్ళలో నానిన శవం చెయ్యి. గోళ్ళు ఊడిపోయినాయి. వేళ్ళు చేపలు కొరికినాయి. యాడ దొరికింది నీకు? నేను పోలీసులకు చెప్పాలి తల్లీ."

"సార్, ఆ పెట్టెలో వేసింది నేనే సార్. వేడి వేడి నెత్తురు..."

"ఇంకొకటి చెప్పేదా?" డాక్టరు గొంతు తగ్గించినాడు. "చెయ్యి తెగినోడికి నెత్తురు కారాల. మేం కట్టు కట్టేటప్పుడు మీ ఆయనకు ఒక్క చుక్క కూడా కారలేదు."

ధనలక్ష్మి లేచి లోపలికి పోయింది. మంచం మీద ముత్యాలయ్య పడుకుని ఉన్నాడు. అదే ముఖం. అదే మీసం. కళ్ళు మూసుకుని ఉన్నాడు. మంచం కింద, పరుపు నుంచి కారి, చిన్న మడుగు కట్టింది. ఆమె ఒక వేలు ముంచి నాలుకకు తగిలించుకుంది. ఉప్పు.

కొంగులో ఫోను మోగింది. మునెయ్య.

"అమ్మా..." ఆయన గొంతు గుసగుసలాగా ఉంది. "నీళ్ళన్నీ ఇంకిపోయినాయి. గుండ్లు చూసినా. అన్నీ చల్లంగా పడుండాయి. ఒక్కటే..."

"ఒక్కటే ఏంది మామా?"

"ఒక్కటే వెచ్చగా ఉంది. లోపల నుంచి ఏదో ప్రాణం కొడతా ఉందమ్మా. విను."

ఆయన ఫోను దేనికో ఆనించినాడు. టక్. కొంచెం ఆగి, టక్ టక్. ఆ తర్వాత, మందపాటి సిమెంటు వెనక నుంచి, నోట్లో గుడ్డ కుక్కినట్టు, ఒక మూలుగు. పదేళ్ళు పక్కన పడుకున్న మనిషి మూలుగు. ఆమె గుర్తు పట్టింది.

"వింటివా? ఊపిరాడకుండా ఉంది లోపల, ఎట్లా కొట్టుకుంటా ఉందో చూడు. ఆలస్యం చేస్తే చచ్చిపోతాది. సమ్మెట ఈడే ఉంది. పగలగొట్టేదా? నువ్వు ఊఁ అంటే పగలగొడతా. మాట్లాడమ్మా!"

ధనలక్ష్మి ఊఁ అనబోయింది. అంతలో గుర్తొచ్చింది, కుక్క కన్ను... సమ్మెట... రెండే రెండు ఊపిర్లు...

వెనక మంచం కిర్రుమంది. సాయంత్రం నుంచి నోరు విప్పని మనిషి ఆమె వైపు తల తిప్పినాడు. ఫోనులో మునెయ్య మాట ఆమె చెవికి తప్ప ఇంకెవరికీ వినిపించేంత గట్టిగా లేదు. అయినా అతను ఎంతో నెమ్మదిగా, ముత్యాలయ్య గొంతుతోనే అన్నాడు.

"పగలగొట్టమను."